కరీముల్లా మాస్టారి గొంతు

పోయిన నెల ఒకనాటి ఉదయం మా హాల్లో ఫోను మోగింది. ఎత్తాను. అవతల ఒక చిన్న దగ్గు, దాని వెనక క్షణం పాటు నిశ్శబ్దం. ఆ దగ్గు నాకు ఏళ్ళ తరబడి తెలుసు. హైదరాబాదు ఆసుపత్రిలో పడకమీదున్న మనిషి లేచి ఫోను దాకా వచ్చారంటే గండం గడిచినట్టేనని ప్రాణం కుదుటపడింది.

"మాస్టారూ, ఒంట్లో ఎలా ఉందండీ? ఎప్పుడు పంపిస్తామన్నారు?" అన్నాను.

"బాబుగారూ, నేను నాంచారయ్యనండి," అంది ఆ గొంతు. "మాస్టారు తెల్లవారుతుండగా పోయారండి."

షేక్ కరీముల్లా గారు మరణించారన్న వార్తను నేను కరీముల్లా గారి గొంతులోనే విన్నాను.  దుఃఖం రావాలంటే ముందు నమ్మకం కలగాలి. మనిషి పోయాడని ఆ మనిషే చెబితే ఎలా నమ్మడం?

ఆయన శిష్యులు సంస్మరణ సంచిక వేస్తున్నామని, నాలుగు మంచి మాటలు రాసివ్వమని అడిగారు. "ఆ ఫోను సంగతులు మాత్రం వద్దండి బాబుగారూ," అని ఒకరిద్దరు మొహమాటపడుతూ అన్నారు. మా ఓడలవారి ఇంట్లో ఉన్నది ఉన్నట్టు చెప్పడమో, నోరు మూసుకోవడమో చేస్తారు. సగం చెప్పే అలవాటు మాకు లేదు. అయితే శిష్యుల పేర్లన్నీ మార్చాను. ఎవరు ఏ కంపెనీలో ఉన్నదీ రాయలేదు. నాంచారయ్య అసలు పేరు నాంచారయ్య కాదు. మాస్టారి పేరు మాత్రం మార్చలేదు. బతికినన్నాళ్ళూ ఆ పేరు మారింది చాలు.

మా ఇల్లు బందరు రేవుకు వెళ్ళే దారిలో ఉంది. మా ముత్తాతగారి నాడు ఓడలకు సరుకు ఎక్కించే ఏజెన్సీ మాది. ఆ తర్వాత రేవు పూడింది. ఏజెన్సీ పోయింది. పొలాలు పోయాయి. దక్షిణపు వసారా ఒక వర్షాకాలం కూలిపోయింది. నా చేతికి వచ్చేసరికి మిగిలినవి మేడమీది గదులు, హాల్లో టెలిఫోను. ఊళ్ళో తొలినాళ్ళలో వచ్చిన కనెక్షన్లలో అదొకటి. నల్లగా, బరువుగా, టేకు బల్ల మీద పెద్దమనిషిలా కూర్చుని ఉంటుంది. అవతలివాళ్ళ మాట హాలంతా వినిపిస్తుంది. రహస్యాలకు అది పనికిరాదు. మా ఇంట్లో ఎవరికీ ఆ అవసరం పడలేదు.

తొంభైల మొదట్లో కరీముల్లా గారు మేడ అద్దెకు అడగడానికి వచ్చారు. సన్నటి మనిషి. తెల్లచొక్కాకు మెడ దాకా బొత్తాలు. చెప్పులు కింది మెట్టు దగ్గరే విడిచి వచ్చి నిలబడ్డారు.

"అద్దెలకివ్వడం మా వంశంలో లేదు," అన్నాను.

"అద్దె అనుకోకండి బాబుగారూ. చదువు చెప్పుకుంటాము."

"ఏం చదువు?"

"కంప్యూటరండి."

"అవి ఎంత బరువుంటాయి? మిద్దె పాతది."

ఆయన చిన్నగా దగ్గి, ఒక క్షణం ఆలోచించి, "పిల్లలకంటే తేలికేనండి," అన్నారు.

మేడ ఇచ్చాను. బయట బోర్డు మాత్రం మా గేటు కంటే ఎత్తులో పెట్టకూడదన్నాను. దానికీ ఒప్పుకున్నారు. ఆయన తండ్రి పెడనలో కలంకారీ అద్దకానికి చెక్క అచ్చులు చెక్కేవారు. ఆ కుటుంబంలో డిగ్రీ, ఆ పైన కంప్యూటరు చదువు దాకా వచ్చింది ఆయనొక్కరే. ఉద్యోగాలు వెతుక్కుంటూ వెళ్ళవలసిన వయసులో తండ్రి మంచాన పడటంతో బందరు కదల్లేకపోయారు. వెళ్ళలేని మనిషి వెళ్ళేవాళ్ళను తయారుచేయడానికి కూర్చున్నారు.

దివిసీమ నుంచి వచ్చిన నాంచారయ్యది సముద్రం మీద వేటకు వెళ్ళే కుటుంబం. డిగ్రీ చదువుతూ సాయంత్రాలు మేడమీదికి వచ్చేవాడు. "వాడు ప్రోగ్రాము రాయడు బాబుగారూ, వల అల్లినట్టు అల్లుతాడు. ఎక్కడ తెగిందో చేత్తో తడిమి చెప్తాడు," అని మాస్టారు మురిసిపోయేవారు. కాని ఎవరైనా ఇంగ్లీషులో పలకరిస్తే వాడి గొంతు పూడుకుపోయేది. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ తేదీలు తప్పుతాయని లోకమంతా కంగారుపడుతున్న రోజులవి. పాత ప్రోగ్రాములు సరిదిద్దేవాళ్ళు కావాలని కంపెనీలు ఫోన్లోనే ప్రశ్నలడిగి మనుషుల్ని తీసుకునేవి. మేడమీద ఫోను లేదు కనుక మా హాల్లో ఫోను నంబరే అందరూ ఇచ్చేవారు.

నాంచారయ్యకు హైదరాబాదు కంపెనీ నుంచి ఫోను వచ్చింది. వాడు రిసీవరు చెవికి ఆనించుకున్నాడు. అవతలి పెద్దమనిషి "హలో" అన్నాడు, మళ్ళీ "హలో" అన్నాడు. వీడి పెదాలు కదులుతున్నాయి, మాట లేదు. చొక్కా వీపుకు అంటుకుపోయింది. మాస్టారు చెయ్యి చాపి రిసీవరు తీసుకున్నారు. చిన్నగా దగ్గి, "నాంచారయ్యను మాట్లాడుతున్నాను," అన్నారు ఇంగ్లీషులో.

ఆ సంభాషణ ముగిశాక నేను ఆయన్ని నిలదీశాను.

"మా తాతగారు సొంత ఓడ మునిగిందన్న కబురు కూడా దాచకుండా ఈ ఫోనులోనే చెప్పారు మాస్టారూ. ఇందులో అబద్ధం పలకడానికి వీల్లేదు."

"ఒప్పుకుంటానండి. కాని వాడు చేసిన పని గురించే చెప్పాను. నేను చేసింది ఒక్కటీ చెప్పలేదు. పని వాడిదండి. గొంతొక్కటే నాది."

"మరి పేరు?"

"పేరూ వాడిదేనండి," అన్నారు, చాలా మెల్లగా.

అది తప్పే. ఆనాడూ అన్నాను, ఈనాడూ అంటాను. కాని పని తెలిసినవాణ్ణి పావుగంట మాటతో తూచి పక్కన పడేయడం ఒప్పని కూడా నాకు ఎవరూ చూపించలేదు.

కొన్నాళ్ళకు మా గుమ్మం ముందు ఒకావిడ బుట్టతో వచ్చి నిలబడింది. నాంచారయ్య తల్లి.

"ఓడలోరిల్లు ఇదేనాండీ? మావోడికి నోరిచ్చిన మాస్టారు ఈడే ఉంటారంట?"

ఎండు రొయ్యల బుట్ట గుమ్మంలో దించబోయి, నన్ను ఎగాదిగా చూసి, "మీరు తినేవోళ్ళలా లేరు, బయటే పెడతాన్లెండి," అని వెనక్కి జరిపింది. మాస్టారు మేడ దిగి వచ్చారు. ఆమె ఆయన మొహం కాదు, మెడ చూసింది.

"ఈ బక్క పీకలోంచేనా అంత ఇంగిలీసు వచ్చింది!"

మాస్టారు నవ్వబోయి దగ్గారు. ఆమె నవ్వు ఆపేసింది. "అదేం దగ్గండీ? పొడి దగ్గులా లేదే. ఎవరికైనా చూపించుకున్నారా?" అంది.

"ఇది చిన్నప్పటి నుంచీ ఉందమ్మా, అలవాటు," అన్నారు.

తర్వాత చాలామంది ఆ దగ్గు విన్నారు. దగ్గును దగ్గుగా విన్నది ఆమె ఒక్కతే.

ఒకసారి జరిగినది మెల్లగా ఆనవాయితీ అయింది. తోట్లవల్లూరు నుంచి, పెదపారుపూడి నుంచి, అవనిగడ్డ నుంచి పని నేర్చి గొంతు లేని పిల్లలు వచ్చేవారు. ఆయనకు ఒక నియమం ఉండేది. ముందు వాళ్ళ చేత పని చేయించి చూసేవారు. తృప్తి కలిగితే ఆ పిల్లవాడి ఊరు, చదువు, చేసిన ప్రోగ్రాములు, వాటిలో వాడు చేసిన తప్పులు, అన్నీ అడిగి తెలుసుకునేవారు. ఫోను వచ్చే వేళకు వాణ్ణి ఎదురు కుర్చీలో కూర్చోబెట్టి, వాడి కళ్ళలోకి చూస్తూ మాట్లాడేవారు. ప్రతి ప్రశ్నకూ ముందు ఆ చిన్న దగ్గు. ఆ పైన "మంచి ప్రశ్న అడిగారు" అని ఇంగ్లీషులో ఒక మాట. ఒక క్షణం విరామం. అప్పుడు జవాబు. ఆ విరామంలో ఆయన మొహం నిజంగానే మారేది. ఇనగుదురుపేటలో కాపురముండే కరీముల్లా వెళ్ళిపోయి, ఎదురుగా కూర్చున్నవాడు ఆ కుర్చీలోకి వచ్చేవాడు. ఎవరు ఎవరో తెలియక నేను పేపరు అడ్డం పెట్టుకునేవాణ్ణి.

గుడివాడ నుంచి ఒక రైసుమిల్లు ఆసామి తన కొడుకుని కారులో వేసుకుని వచ్చాడు.

"మావాడి పేరు మీద ఓ పావుగంట మాట్లాడిపెట్టండి మాస్టారూ. మీ శ్రమ ఉంచుకోను."

"మీ అబ్బాయిని ఓ వారం పైకి పంపించండి. పని వస్తే తప్పకుండా మాట్లాడతానండి."

"పనిదేముందండీ, చేరాక అదే వస్తుంది."

"చేరాక పని వచ్చేట్టయితే గొంతు కూడా చేరాకే వస్తుందండి. ఆగి చూడండి."

ఆసామి నా వైపు తిరిగి, "ఏవండోయ్ బాబుగారూ, మీ మిద్దె మీద పిట్ట గట్టిగానే కూస్తోందే!" అన్నాడు.

"మా మిద్దె మీద ఉన్నది మాస్టారండి. మీ కారు మా గేటుకు అడ్డంగా ఉంది, తీయించండి," అన్నాను.

ఉద్యోగం ఖాయమయ్యాక ఇంకో ఘట్టం ఉండేది. దానికి శిష్యులు అప్పగింతలని పేరు పెట్టుకున్నారు. ఫోన్లో విన్న గొంతునే రేపు ఆఫీసులో కూడా వింటామని అవతలివాళ్ళు అనుకుంటారు కదా. అందుకని ఊరు విడిచేలోగా పిల్లవాడు మేడమీద మాస్టారి ఎదుట కూర్చుని ఆయనలా మాట్లాడటం నేర్చుకునేవాడు. ఆయన ఒక వాక్యం అనేవారు, వాడు తిరిగి అనేవాడు. ఎక్కడ తగ్గాలి, ఎక్కడ ఆగాలి, అన్నీ.

"దగ్గు కూడా నేర్చుకోవాలాండీ?" అని ఒకడు అడగ్గా విన్నాను.

"అది మాత్రం ఎలా వదిలేస్తావోయ్? అవతలాయన విన్నాడు కదా!" అన్నారు మాస్టారు. అందరూ నవ్వారు. తర్వాత ఆ మేడమీద దగ్గులు ఒకదాని వెనక ఒకటి వినిపించాయి, దగ్గు లేని మనుషులు దగ్గుతున్నవి.

"మా నాన్న చెక్కిన అచ్చులు ఎన్ని చీరల మీద పడ్డాయో ఆయనకే తెలియదు," అని నాతో ఒకసారి అన్నారు. "అచ్చు ఎప్పుడైనా చీర కట్టుకుంటుందాండీ?" నవ్వుతూనే అన్నారు. నేను నవ్వలేకపోయాను.

నాంచారయ్య మొదటిసారి సెలవు మీద వచ్చినప్పుడు మా హాల్లోనే కూర్చుని ఆఫీసు కబుర్లు చెప్పాడు.

"ఎవర్నీ సార్ అనకూడదంటండీ. మా మేనేజరు నాకు మావయ్య వయసండి. పేరెట్టి పిలవాలంట!"

"పెద్దవాణ్ణి పేరు పెట్టి పిలిస్తే ఊరుకుంటాడా?" అన్నాను.

"పిలవకపోతేనే ఊరుకోడండి. అలవాటులో 'గారు' అనేశానని మీటింగులో అంతా ఒకటే నవ్వు."

"మా నాయనమ్మ పాలేరుని కూడా మీరు అనేది," అన్నాను.

"ఆవిడకి అక్కడ ఉద్యోగం రాదండి," అన్నాడు నాంచారయ్య. మాస్టారు పడీ పడీ నవ్వారు.

"మరి నిన్నేమంటున్నారోయ్?"

"నాంచ్ అంటున్నారండి." వాడు మళ్ళీ అన్నాడు: "ప్రతి సోమవారం ఫోన్లో మీటింగండి మాస్టారూ. ఎవరెంత పని చేశారో వరసగా చెప్పాలి. నా వంతు వచ్చేసరికి కళ్ళు మూసుకుని, ఎదురుగా మీరు కూర్చున్నారనుకుంటానండి. దగ్గుతాను. అంతే, మాట వచ్చేస్తుంది."

మాస్టారు ఈసారి నవ్వలేదు. 

ఆ శిష్యుల కబుర్ల వల్ల ఆయనకు తెలియని ఆఫీసు లేదు. ఏ కంపెనీలో పని లేనివాళ్ళను బెంచీ మీద కూర్చోబెడతారో, ఎక్కడ ఏడాదికోసారి మార్కులేసి మనుషుల్ని తీసేస్తారో, ఎక్కడ ఆడపిల్లలను రాత్రి కారులో దింపుతారో, ఎక్కడ కాంటీనులో పెరుగు పులుపో, అన్నీ చెప్పేవారు. ఆ ఆఫీసుల్లో ఒక్కదానిలోనూ ఆయన అడుగు పెట్టలేదు. ఒకసారి హైదరాబాదు వెళ్ళి వచ్చి, "గేటు దాకా వెళ్ళొచ్చాను బాబుగారూ," అన్నారు. లోపలికి వెళ్ళాలంటే కార్డు ఉండాలని కాపలావాడు చెప్పాడట. ఎదురుగా టీకొట్టు దగ్గర నిలబడి, సాయంత్రం వాళ్ళంతా బయటికి వచ్చేదాకా చూశారట.

"నాంచారయ్యకు కబురు పెట్టకపోయారా?"

"పెడితే వాడు నన్ను అతిథిలా తీసుకెళ్తాడండి. అతిథి కార్డు మీద పేరుండదంట." గుండెల మీద చెయ్యి పెట్టి చూపించారు. "అక్కడ అందరూ మెళ్ళో పేరు వేసుకుని తిరుగుతున్నారు బాబుగారూ. ఫొటో, కింద పేరు. ఎవరూ అడక్కుండానే. నాక్కూడా ఒక్కసారి నా పేరు అలా వేసుకుని ఒక గేటు లోపలికి నడవాలని ఉందండి."

ఆయన నా దగ్గర ఏదైనా కోరిక చెప్పింది ఆ ఒక్కసారే.

రెండువేల సంవత్సరం దాటింది, కంప్యూటర్లు చెప్పినంత తప్పలేదు, ఉద్యోగాలు మాత్రం తప్పాయి. ఒక ఏడాది మా మేడమెట్ల మీద తిరిగి వచ్చినవాళ్ళు కూర్చునేవారు. మంచి చొక్కాలు వేసుకుని, ఇంట్లో సెలవు మీద వచ్చామని చెప్పి, పగలంతా ఇక్కడ గడిపేవారు. మాస్టారు వాళ్ళకు కొత్త పాఠాలు మొదలుపెట్టారు. ఆ రోజుల్లో మేడమీద జరిగే చర్చలు కింద నాకు వినిపించేవి. ఒకరు దగ్గి జవాబు చెప్తారు. ఇంకొకరు దగ్గి ఎదురు వాదిస్తారు. మూడో మనిషి దగ్గి సర్దిచెబుతారు. అందరిదీ ఒకే గొంతు. ఒకనాడు టీ పంపుదామని ఎంతమంది ఉన్నారో చూడ్డానికి పైకి వెళ్ళాను. గదినిండా మనుషులున్నారు. మాస్టారు లేరు. నమాజుకు వెళ్ళి అప్పటికి చాలాసేపయిందట.

ఆ మెట్ల మీదివాళ్ళందరికీ కాలం తిరిగి మళ్ళీ ఉద్యోగాలు వచ్చాయి. ఈలోగా చుట్టుపక్కల ఇంజనీరింగు కాలేజీలు లేచాయి. పిల్లలు అటు వెళ్ళారు. మేడమీద కంప్యూటర్ల మీద గుడ్డలు కప్పి ఉండేవి. అప్పుడు, నలభై దాటాక, కరీముల్లా గారు తన పేరుతో దరఖాస్తు పెట్టారు. నాంచారయ్య పనిచేసే కంపెనీకే. శిష్యులకు చెప్పవద్దన్నారు. "నన్ను నేనే చెప్పుకుంటానండి ఈసారి," అన్నారు.

ఫోను వచ్చే రోజున ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చారు. తన కుర్చీలో కూర్చున్నారు. ఎదురు కుర్చీ ఖాళీగా ఉంది. దాని వైపు చూసి ఇబ్బందిగా కదిలారు.

"బాబుగారూ, కాస్త మీరు కూర్చుంటారా? ఎదురుగా ఎవరూ లేకపోతే నోరు పెగిలేలా లేదు."

కూర్చున్నాను. ఫోను మోగింది. ఆయన దగ్గి, "కరీముల్లాను మాట్లాడుతున్నాను," అన్నారు. ఆ ఫోనులో ఆ గొంతు ఆ పేరు చెప్పగా నేను విన్నది అదే మొదలు. అవతలి పెద్దమనిషి ప్రశ్నలు వేశాడు. ఈయన ప్రతి దానికీ ఆగి, తడుముకోకుండా చెప్పారు. మొహంలోకి వేరే ఎవరూ రాలేదు. నలభై దాటిన మనిషి మొహం కుర్రవాడిలా వెలిగిపోతోంది. అయిపోవచ్చింది. జీతం గురించి, ఎప్పుడు చేరగలరన్న దాని గురించి అడిగాడు అవతలాయన. అడిగి, ఆగిపోయాడు.

"ఒక్క నిమిషం. మీరు నాంచారయ్య కదూ? ప్రతి సోమవారం వింటున్నాను ఈ గొంతు. ఎవరి తరఫున మాట్లాడుతున్నారు మీరు?"

"లేదండి, నేను కరీముల్లానే. ఆయనా మా ఊళ్ళోనే చదువుకున్నారు."

"చదువుకుంటే దగ్గు కూడా ఒకటే అవుతుందా? మీ ఊరివాళ్ళు ఇంకా ఇద్దరున్నారు మా దగ్గర. వాళ్ళూ ఇలాగే మొదలుపెడతారు. ముగ్గుర్నీ ఫోన్లో తీసుకున్నది నేనే." అవతలి గొంతు గట్టిపడింది. "నిజం చెప్పండి. ఆనాడు నాతో మాట్లాడింది వాళ్ళా, మీరా?"

మాస్టారు నా వైపు చూశారు. నేననే మనిషిని కాదు, ఆ కుర్చీలో అంతకు ముందు కూర్చున్నవాళ్ళను చూస్తున్నట్టు చూశారు. దగ్గు వస్తోంది. అరచేత్తో నోరు నొక్కుకుని దాన్ని ఆపుకున్నారు.

"వాళ్ళేనండి," అన్నారు. "నేనే వాళ్ళను చూసి నేర్చుకున్నాను. వాళ్ళలా మాట్లాడితే నాక్కూడా ఉద్యోగం వస్తుందనుకున్నానండి. నాదే నకలు."

అవతలాయన తేలిగ్గా నవ్వాడు. పీడ విరగడైన మనిషి నవ్వే నవ్వు.

"అనుకున్నాను. వాళ్ళది సహజంగా ఉంటుంది. మీది కాస్త అతికినట్టుంది. సొంతంగా మాట్లాడటం అలవాటు చేసుకోండి. తర్వాతెప్పుడైనా మళ్ళీ ప్రయత్నించండి."

మాస్టారు కృతజ్ఞతలు చెప్పి రిసీవరును, నిద్రపోతున్న పసిపిల్లను దించినట్టు, చప్పుడు కాకుండా పెట్టారు.

"విన్నారా బాబుగారూ? నాది అతికినట్టుందంట!" అని నవ్వారు. అప్పటిదాకా ఆపుకున్న దగ్గు ఒక్కసారి తన్నుకొచ్చింది. చాలాసేపు వదల్లేదు.

నాకు ఒళ్ళు మండిపోయింది. "నేను ఇప్పుడే ఫోను చేసి ఉన్న సంగతి చెప్తాను," అని లేచాను.

"చెప్తే ముగ్గురు ఇంటికొస్తారండి. నా మెళ్ళో ఒక కార్డు పడాలని వాళ్ళ మెళ్ళో కార్డులు తీయించమంటారా?" ఆయన నా చెయ్యి పట్టుకున్నారు. ఎన్నడూ పట్టుకున్నవారు కాదు. "మీ ఇంట్లో ఉన్నది చెప్పడమో, నోరు మూసుకోవడమో అంటారు కదా. నాకోసం రెండోది చెయ్యండి."

ఆయన ఉన్నంతకాలం రెండోది చేశాను.

ఆ తర్వాత ఆయన ఎవరి తరఫునా మాట్లాడలేదు, తన తరఫున అసలే మాట్లాడలేదు. చిలకలపూడి వైపు ఒక బడిలో పిల్లలకు లెక్కలు చెప్పేవారు. సాయంత్రాలు వచ్చి, మా హాల్లో ఫోనుకు దూరంగా కూర్చుని వెళ్ళేవారు. దగ్గు పెరిగింది. నాంచారయ్య పట్టుబట్టి హైదరాబాదు తీసుకెళ్ళాడు. ఈ దగ్గు ఎన్నాళ్ళ నుంచని డాక్టరు అడిగాడట. "మేమంతా అది ఆయన మాట్లాడే పద్ధతనుకున్నామండి," అన్నాడట నాంచారయ్య. డాక్టరుకు అర్థం కాలేదట.

ఇనగుదురుపేటలో ఖననం అయిన సాయంత్రం శిష్యులందరూ మాస్టారి చిన్న ఇంటి ముందు నిలబడ్డారు. నాంచారయ్య ఎవరితోనో మాస్టారి గురించి మాట్లాడుతున్నాడు. లోపల తెర కదిలింది. మాస్టారి భార్య ఫాతిమాబీ గారు తెర అంచు పట్టుకుని నిలబడ్డారు. ఆమెను చూసి నాంచారయ్య చటుక్కున ఆపేశాడు.

"ఆపొద్దు బాబూ," అన్నారామె. "కాసేపు మాట్లాడు."

ఏం మాట్లాడాలో వాడికి తోచలేదు. చివరికి అప్పగింతల్లో నేర్చుకున్నది మొదలుపెట్టాడు. ఆనాటి ప్రశ్నలు, వాటికి ఆనాటి జవాబులు, దగ్గు, విరామం, అన్నీ ఇంగ్లీషులో. ఆమెకు ఇంగ్లీషు రాదు. కళ్ళు మూసుకుని వింటూ నిలబడ్డారు. 

వాడు నాతో పాటు మా ఇంటిదాకా వచ్చాడు. మాస్టారు తన పేరుతో మాట్లాడిన నాటి ఫోను సంగతి వాడికి అప్పుడు చెప్పాను. కంపెనీలో ఇప్పుడు వాడే పదిమందిని ఇంటర్వ్యూలు చేసే స్థాయిలో ఉన్నాడు. విని, ఎదురు కుర్చీలో కూలబడ్డాడు.

"రాయండి బాబుగారూ," అన్నాడు. "నా పేరు కూడా మార్చకండి."

మార్చాను. ఆ పేరు నిలబెట్టడానికి మాస్టారు ఏమి ఇచ్చుకున్నారో చూసినవాణ్ణి, దాన్ని నేను కాగితం మీద పోగొట్టలేను.

వెళ్ళబోతూ గుమ్మంలో ఆగి అడిగాడు: "నా గొంతు మొదట్లో ఎలా ఉండేదో నాకు గుర్తు లేదండి. మీకేమైనా గుర్తుందా?"

గుర్తుంది. మొదటిరోజు గేటు దగ్గర నిలబడి, "అయ్యగోరూ, కంపూటర్లు నేర్పేది ఈడేనాండీ?" అని అరిచాడు. పడవలోవాణ్ణి ఒడ్డు మీదివాడు పిలిచినంత పెద్ద గొంతు. ఆ మాట చెప్పాను. వాడు దాన్ని అనడానికి ప్రయత్నించాడు. ముందు చిన్న దగ్గు వచ్చింది. ఇక అనలేదు, మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

సెల్‌ఫోన్లు వచ్చాక ఈ పాత కనెక్షను ఎందుకని మా బంధువులు ఎన్నాళ్ళ నుంచో అంటున్నారు. మా తాతగారి కోసం ఉంచానని చెప్పేవాణ్ణి. ఇప్పుడు ఆ మాట చెప్పను. ఈ నెలంతా అది మోగుతూనే ఉంది. బెంగుళూరు నుంచి, మద్రాసు నుంచి, పూనా నుంచి ఆయన శిష్యులు పలకరిస్తున్నారు. ఎత్తి, నేనేమీ మాట్లాడకుండా ఆగుతాను. అవతల చిన్న దగ్గు వినిపిస్తుంది. ఆ పైన ఆ విరామం. ఆ క్షణంలో కరీముల్లా గారు ఉన్నారు. ఆ తర్వాత గొంతు తన పేరు చెబుతుంది. ఒకసారి ఒక పేరు, ఇంకోసారి ఇంకో పేరు. ఆ గొంతు ఇకముందు కూడా ఎన్నో పేర్లు చెబుతుంది. ఒక్క పేరు మాత్రం చెప్పదు. అది ఈ ఇంట్లో ఒకే ఒక్కసారి చెప్పింది. అందుకే ఆ పేరు ఇక్కడ నేను రాస్తున్నాను: షేక్ కరీముల్లా.